అన్నం ముందరి ప్రార్థన

ఆ ఏడు పత్తి ఏరే కాలమంతా మా ఇంట్లో పూటపూటకూ ఇదే తంతు. మా అత్త కంచం ముందు కళ్లు మూసుకుని నిలబడేది. నేను గోడ గడియారం వైపు చూస్తూ నిలబడేదాన్ని. మధ్యలో చాప మీద నా బిడ్డ గ్రేసి చేతులు జోడించి, ఒక కన్ను మూసి, రెండో కంటితో అన్నాన్ని చూస్తూ కూర్చునేది.

"ప్రభువా, ఈ అన్నమిచ్చిన నీ కృపకు స్తోత్రం" అని అత్త మొదలుపెట్టేది. అక్కడితో ఆపితే ఏ గొడవా లేదు. అన్నం తరవాత వాన, వాన తరవాత చేను, చేను తరవాత పత్తి మిల్లులో హమాలీ పని చేసే కొడుకు సొలొమోను, ఆ మిల్లు, మిల్లు సేటు, సేటుకున్న గుండెజబ్బు, పక్కింటి కిష్టవ్వ మోకాళ్లు, బీదర్‌లో చెల్లెలి కోడలి కాన్పు. అందరినీ పేరుపేరునా దేవుడికి ఒప్పజెప్పాక గానీ 'ఆమేన్' వచ్చేది కాదు.

గ్రేసికి అయిదేళ్లు. ఆ ఎండాకాలంలోనే దానికి షుగరని తేలింది. పెద్దవాళ్లలా గోలీలు మింగితే సరిపోయే రకం కాదు. పొద్దున ఎనిమిది గీతలు, సాయంత్రం నాలుగు గీతలు సూదిమందు వెయ్యాలి. వేసిన అరగంటలో కడుపులో అన్నం పడాలి. పడకపోతే షుగరు దిగిపోయి పిల్ల పడిపోతుంది. హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ ఈ మాట నాతో మూడుసార్లు చెప్పించుకుని గానీ ఇంటికి పంపలేదు. "చదువుకున్నదానివే కదా" అంటూ కాగితం చేతిలో పెట్టింది. పదో తరగతి లెక్కల్లో పోయానని నేనామెకు చెప్పలేదు. ఇంకో రెండు మార్కులొచ్చి ఉంటే గ్రేస్ మార్కులు కలిపి దాటించేవాళ్లని అప్పట్లో మా సారు అన్నాడు. ఆ రెండూ రాలేదు. ఆ సెలవుల్లోనే పెళ్లయింది.

మా అత్త అమృతమ్మ నోట కృప అనే మాట నిద్ర లేస్తూనే మొదలయ్యేది. బర్రె చెంబు నిండా పాలిస్తే కృప. కంగ్టి బస్సు దొరికితే కృప. దొరక్కపోతే, ఆ బస్సెక్కకుండా ఆపిందీ కృపే. పిల్లకు పేరు పెట్టింది కూడా ఆమే. అయ్యగారిని, అంటే మా చర్చి పాస్టరుని, కృపను ఇంగ్లీషులో ఏమంటారని అడిగి మరీ గ్రేసు అని పెట్టింది. నాకు ఆ మాటతో ఏ పేచీ లేదు. కానీ ఇంటి నిండా అంత కృప ఉండి, గడియారం చూసే మనిషిని మాత్రం నేనొక్కదాన్నే. అందుకు ఒళ్లు మండేది.

ఒకనాడు ప్రార్థన మిల్లు సేటు దాకా వచ్చేసరికి ఇక ఆగలేక గ్రేసి నోట్లో బుక్కెడు పెట్టాను. అత్త కళ్లు తెరవలేదు.

"ప్రార్థన కాకముందే తినుడు నేర్పుతున్నవా పోరికి?"

"సూది ఏసి ఇరవై నిమిషాలైంది అత్తా. దేవునికి దెలుస్తది గా ముచ్చట."

"తెలుస్తది. గందుకే భయపడకంటున్న."

"నాకు భయం లేదు. తొందరున్నది."

"నీకు రెండు ఒక్కటే బిడ్డా" అని, మళ్లీ అన్నం దగ్గర నుంచి ఎత్తుకున్నది.

పిల్లను ఆమె దగ్గర వదిలిపోయే ధైర్యం లేక చేనుకు వెంట తీసుకుపోయేదాన్ని. కిష్టవ్వకు రెండెకరాల పత్తి. ఆమె చేను నేను ఏరితే, మా అరెకరం ఆమె వచ్చి ఏరేది. గట్టు మీద నాలుగు కట్టెలు పాతి, పాత చీర కప్పి, దాని నీడలో ఏరిన పత్తి కుప్ప మీద గ్రేసిని పడుకోబెట్టేదాన్ని. రెండు సాళ్లకోసారి వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

"ఏం పిల్లా, నువ్వు పత్తి ఏరుతున్నవా, పొద్దును ఏరుతున్నవా? చెట్టుకోసారి ఆకాశం దిక్కు చూస్తవు" అన్నది కిష్టవ్వ.

"పదింటికి పాలు తాపాలె."

"గంత పోరికి గన్ని టైములా. నా మాటిను. బోరంచ నల్లపోచమ్మ కాడికి తోల్కపోదం. తల్లి దయ ఉంటే సూది లేదు గీది లేదు."

"మా అత్త కృప అంటది, నువ్వు దయ అంటవు. ఇద్దరు గల్సి సూది మానుమంటరు. ఇగ నేనెవరితోని మొత్తుకోవాలె?"

కిష్టవ్వ ఒడిలోని పత్తి కుమ్మరించి, నడుం పట్టుకుని నవ్వింది. "మీ అత్త, నేను ఒక్క మాట మీదికొచ్చినమా? ముప్పై ఏండ్లల్ల గిదే మొదలు." మళ్లీ సాలులోకి వంగుతూ అన్నది. "పిల్లను సంకనేసుకొస్తే వేరేటోళ్లు చేన్లకు రానియ్యరు. గది గూడ నా దయనే అనుకో. ఇగ రెండు సాళ్లు ఎక్కువ ఏరు."

అదో దయ. ఆ రోజుల్లో ఎవరి దయ అయినా చేతికి అందేసరికి, దాని వెనక నేను చెయ్యాల్సిన పని ఒకటి వేలాడుతూ ఉండేది.

దీపావళి దాటాక ఒక ఆదివారం పొద్దున వేలు గుచ్చి చూశాను. రక్తం చుక్క పెట్టి చూసే పట్టీలు ఎక్కువ ఉండేవి కావు, వారానికొకటి చొప్పున వాడేదాన్ని. మిషనులో నూట ముప్పై వచ్చింది. ఎండాకాలంలో నాలుగు వందలు దాటిన పిల్ల. నేను గోడకానుకుని కూర్చుండిపోయాను. ఆరు నెలల సూదులు, పాలు, జొన్నరొట్టె ముక్కలు, నిద్రలో లేచి లేచి ఒళ్లు తడిమి చూసుకోవడం, అన్నీ ఆ మూడంకెల్లో కనిపించాయి. ఎవరైనా ఒక్క మాట, 'బాగ జేసినవ్ రోజా' అంటే బాగుండుననిపించింది.

అత్త ఆ అంకె విని చర్చికి పోయింది. ఆమె తిరిగొచ్చేలోపే ఊళ్లో అందరికీ తెలిసింది, అమృతమ్మ మనవరాలికి కృప వల్ల నయమైందని. అయ్యగారి భార్య సుహాసినమ్మ అక్కడికక్కడే చెప్పేసిందట: వచ్చే కోత పండుగనాడు అమృతమ్మ లేచి, దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి, విందులో అన్నం మీద ప్రార్థన కూడా ఆమే చెయ్యాలి.

మా దగ్గర కోత పండుగ క్రిస్మస్‌కు ఏమీ తీసిపోదు. తొలి పత్తి, తొలి కందులు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి చర్చి ముందర పెడతారు. అందరూ ఒకే పందిరి కింద కూర్చుని తింటారు. ఆ అన్నం మీద ప్రార్థన చేసే పెద్దరికం ఏటా ఒకరికి దక్కుతుంది. మా అత్తకు ఎన్నడూ దక్కలేదు. మొగుడు పోయిన మనిషి, అక్షరం రాదు.

"ఇరవై ఏండ్ల సంది గా పండుగల గిన్నెలు తోమిన" అన్నది ఆ రాత్రి రొట్టె కొడుతూ. "ఈ ఏడు ప్రార్థన నాది." రొట్టె పలచబడ్డా ఇంకా కొడుతూనే ఉంది.

నాకూ సంతోషమే అనిపించింది, ఆ తరవాతి మాట వినేదాకా.

"నయమైందని పది మందిల చెప్పి, ఇంటికొచ్చి సూది గుచ్చితే నా సాక్ష్యం అబద్ధమైతది గద. ఇగ సూది బంద్ చెయ్యి."

"నూట ముప్పై వచ్చింది సూది ఏసినందుకే అత్తా."

"గా సూది ఇచ్చిందెవరు?"

"డాక్టరు."

"డాక్టరునిచ్చిందెవరు?"

దీనికి జవాబు నాకు ఇప్పటికీ తెలియదు. జవాబు చెప్పినా ఆమె వినదని మాత్రం తెలుసు.

శనివారం సొలొమోను ఇంటికొచ్చాడు. నా మొగుడు నెమ్మది మనిషి. బస్తాలు మోసి మోసి మెడ ఒక పక్కకు వంగింది, మాట మాత్రం ఎటూ వంగదు. అంతా విని, "మా అమ్మ చెప్పేది గూడ నువ్వు జర ఇను. నువ్వు చెప్పేది నేను ఆమెకు చెప్త" అన్నాడు.

"ఏమని చెప్తవ్?"

"ఇద్దరు నిమ్మలంగ ఉండున్రని."

సోమవారం పొద్దున అతను మిల్లుకు పోయాడు. నేను సూది వేద్దామని చూస్తే గూట్లో సూదుల డబ్బా లేదు. మందు మాత్రం దాని చోట ఉంది. మాకు ఫ్రిజ్ లేదు. కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత దించి, ముంతలో మందు సీసా పెట్టేదాన్ని.

అత్త వాకిట్లో పేడ తీస్తున్నది. "ఒక్క పూట" అన్నది నా వైపు చూడకుండా. "ఒక్క పూట చూద్దమే."

ఇల్లంతా వెతికాను. దుప్పట్లు దులిపాను, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాను. దొరకలేదు. కంగ్టి దాకా ఉరుకులు పరుగుల మీద పోయి, మందుల దుకాణంలో సూదులు కొనుక్కుని వచ్చేసరికి పదకొండు దాటింది. గ్రేసి చాప మీద పడుకుని ఉంది. పెదాలు ఎండిపోయాయి. లాగు తడిసింది. పక్కన నీళ్ల బిందె సగానికి దిగింది. సూదుల డబ్బా గూట్లో మళ్లీ దాని చోట ఉంది. అత్త పిల్ల పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది. నేను ఆమె ముఖం చూడలేదు. చూసే తీరిక నాకు లేదు.

సూది వేసి, అన్నం తినిపించాక అప్పుడు అన్నాను. "ఇగ నా బిడ్డను ముట్టకు. సూదిని ముట్టకు. చేతులు జోడించుడు దప్ప నీకేమన్న అస్తదా?"

ఆ రోజు నుంచి మాటలు బంద్. ఒకే పొయ్యి మీద వంట, ఒకే చాప మీద కూర్చోవడం, మధ్యలో పిల్ల. "నానమ్మకు చెప్పు, ఉప్పు అయిపోయిందని." "మీ అమ్మకు చెప్పు, కిష్టవ్వ పిలుస్తుందని." గ్రేసి ఈ కబుర్లు మోయడం ఆటలా నేర్చుకుంది.

శుక్రవారం మందు కోసం నారాయణఖేడ్ పోవాల్సి వచ్చింది. సీసాలో ఇంకో రెండు మూడు పూటలకే ఉంది. బస్సెక్కితే గ్రేసికి వాంతులు. పొద్దున సూది వేసి, తినిపించి, పిల్లను కిష్టవ్వకు ఒప్పజెప్పాను. నాలుగింటికల్లా వస్తానన్నాను.

దవాఖానలో మందులిచ్చే కిటికీ దగ్గర వరుసలో నిలబడి నా వంతు వచ్చేసరికి లోపలి మనిషి రిజిస్టరు మూసేశాడు. "టైం అయిపోయిందమ్మా. పది నిమిషాలు గ్రేస్ టైం గూడ ఇచ్చినం. మల్ల మూడింటికి."

"చిన్న పిల్లది సారు, ఒక్క సీసా."

"అందరియి చిన్న పిల్లలయే." అది నిజమే. నా వెనక వరుసలో ముగ్గురి చంకల్లో పిల్లలున్నారు.

మూడింటిదాకా మెట్ల మీద కూర్చున్నాను. మందు తీసుకుని, తడి గుడ్డలో చుట్టి, బస్సెక్కేసరికి నాలుగున్నర. నారాయణఖేడ్ దాటిన కొంచెం దూరానికే బస్సు ఆగింది. పత్తి ట్రాక్టరొకటి మలుపులో పడిపోయి, రోడ్డంతా తెల్లగా పరుచుకుని ఉంది. వెనక ఇంకో పది పన్నెండు పత్తి ట్రాక్టర్లు. అందరూ దిగి పత్తి ఏరుతున్నారు. కండక్టరు తాపీగా బీడీ ముట్టించి, "ఏం చేస్తం" అన్నాడు. అందరూ అదే అన్నారు. ఆరైంది. గ్రేసికి సూది వెయ్యాల్సిన వేళ ఆరున్నర. నేను దిగి, పడిపోయిన ట్రాక్టరు అవతలకు చెప్పులు చేతబట్టుకుని నడిచాను. చివరకు మా ఊరి నర్సింగ్ ఆటో కనిపించింది. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా "జల్దీ నర్సింగన్నా, జల్దీ" అంటూనే ఉన్నాను.

"ఇగ నువ్వు దిగి నూకితే ఇంక జల్దీ పోతది" అన్నాడు అతను.

దార్లోనే అనుకున్నాను, కిష్టవ్వ పాలు పిండే వేళకు పిల్లను ఇంట్లో దింపి ఉంటుంది. అత్త సూది ముట్టదు. ముట్టొద్దన్నది నేనే. ముట్టమన్నా ముట్టే మనిషి కాదు.

గడప దాటేసరికి ఏడు కావస్తున్నది. కంచంలో అన్నం, దాని ముందు గ్రేసి కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు జోడించి ఉంది. అత్త నిలబడి ప్రార్థన చేస్తున్నది. అప్పటికి కొడుకు దాకా వచ్చింది. ఆమె ప్రార్థనలో ఉంటే ఇల్లు అంటుకున్నా కళ్లు తెరవదు. మధ్యలో ఎవరు నోరు తెరిచినా గ్రేసికి తొడపాశం పడుతుంది. అందుకే పిల్ల కూడా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోవడం నేర్చుకుంది.

సూది వెయ్యకుండానే అన్నం ముందు కూర్చోబెట్టిందని నాకు కడుపు మండిపోయింది. కొత్త సీసా విప్పి, నాలుగు గీతలు లాగి, గ్రేసి గౌను పైకెత్తి పొట్ట మీద వేశాను. పిల్ల పెదవి కొరుక్కుంది. ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. మళ్లీ మూసుకుంది.

"ఆమేన్" అన్నది అత్త. కళ్లు తెరిచి నా చేతిలోని సూదిని చూసింది. నాలుగు రోజుల తరవాత నాతో మొదటిసారి మాట్లాడింది.

"ఎందుకేసినవే? నేను ఏసిన."

నాకు అర్థం కాలేదు.

"పొద్దు మునిగినా నువ్వు రాకపోతివి. ఆరున్నరకు ఏసిన. నాలుగు గీతలు. నువ్వు ఏస్తుంటే చూస్తనే ఉన్న గదా."

తరవాత ఏం చేశామో వరుసగా గుర్తు లేదు. చక్కెర నీళ్లు నేను కలిపాను. బెల్లం ఆమె కొట్టింది. ఇద్దరం చెరోవైపు కూర్చుని అన్నం, పాలు, బెల్లం కుక్కుతుంటే గ్రేసి "కడుపు నిండింది" అని ఏడ్చింది. నర్సింగ్ ఆటో ఇంకా వీధిలోనే ఉంది. మలుపులో పడిన పత్తి అప్పటికి ఎత్తేశారు. నారాయణఖేడ్ దాకా పిల్ల నా ఒడిలో, కాళ్లు ఆమె ఒడిలో. మెడ వెనక చెమటతో తడిసిపోయింది. పేరు అడిగితే చెప్పింది, మళ్లీ అడిగితే నాలుక ముద్దగా తిరిగింది. చెంచాతో చక్కెర నీళ్లు పోస్తూనే ఉన్నాను.

ఆటోలో అత్త ప్రార్థన చెయ్యలేదు. "గా దినం డబ్బ దాస్పెట్టినప్పుడు" అన్నది చీకట్లోకి చూస్తూ, "పోరి నీళ్లు తాగి తాగి నా ఒళ్లె పండి మూలిగింది. గప్పుడే నాకు సమజైంది. నీకెట్ల చెప్పాలె? నువ్వు మాట్లాడకపోతివి." అంతే అన్నది.

దవాఖానలో షుగరు నలభై ఎనిమిది ఉంది. చేతికి గ్లూకోజు పెట్టారు. డాక్టరు చిన్న వయసువాడు, మీసాలు కూడా సరిగ్గా రాలేదు. సొలొమోను కూడా కబురందుకుని మిల్లు నుంచి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. పిల్ల కళ్లు తెరిచి నీళ్లడిగాక డాక్టరు మా వైపు తిరిగాడు.

"రెండోసారి వేసిందెవరు?"

నేను నోరు తెరిచాను. నా వెనక నుంచి మా అత్త గొంతు వచ్చింది.

"నేనే సారు. సదువు రానిదాన్ని. కోడలు ఏసింది నాకు దెల్వక మల్ల ఏసిన."

డాక్టరు ఆమెను తిట్టాడు. సొలొమోను తిట్టలేదు. తల్లి వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

పొద్దునకల్లా గ్రేసి లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. అందరం ఇంటికొచ్చాం. ఆ తరవాత మూడు వారాలు మా ఇంట్లో గొడవ అనేదే లేదు. అంతకంటే గొడవే నయం. సొలొమోను శనివారం వస్తే తల్లి పెట్టిన అన్నం తినేవాడు గానీ పలకరించేవాడు కాదు. ఊళ్లో ఆడవాళ్లు నన్ను ఆపి, "పాపం రోజా, గా ముసల్దానితోని ఎట్ల ఏగుతున్నవే" అనేవాళ్లు. సుహాసినమ్మ కబురంపింది: ఈ ఏడు సాక్ష్యం వద్దు, అన్నం మీద ప్రార్థన చర్చిలో ఇంకొకామె, సలోమి చేస్తుంది, అమృతమ్మ నెమ్మదిగా కూర్చుంటే చాలు. కబురు తెచ్చిన మనిషికి అత్త మజ్జిగ ఇచ్చి పంపింది.

నా తప్పు ఆమె నెత్తిన ఉంది. దించుకుందామంటే ఆమె దించనివ్వదు. ఒకరోజు పొయ్యి దగ్గర నిలదీశాను. "ఎందుకట్ల చెప్పినవ్?"

"పాలు పొంగుతున్నయ్, చూడు."

"నేనడిగింది చెప్పు."

"పాలు చూడమంటున్న."

సూది పట్టుకుంటే గీతలు రెండుసార్లు, మూడుసార్లు లెక్కపెట్టేదాన్ని. చదివిన నేనే ఇంత పని చేశానని తెలిస్తే పిల్లను నా చేతికి ఎవరిస్తారని ఒక భయం. తెలియకుండానే ఇట్లా గడిచిపోతుందేమోనని ఇంకో భయం. అత్త మాత్రం ఎప్పటిలాగే కంచం ముందు నిలబడి మిల్లు సేటు గుండె కోసం ప్రార్థించేది. ఆ గుండెకేమో గానీ నాది ఆగిపోయేలా ఉండేది.

కోత పండుగ క్రిస్మస్‌కు రెండు వారాల ముందు వచ్చింది. చర్చి ముందర పత్తి, కందికట్టెలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన అయ్యేసరికి ఒంటిగంట కావొచ్చింది. పందిరి కింద వరుసలు కూర్చున్నాయి. అత్త గిన్నెల దగ్గర, ఎప్పటి చోటనే నిలబడింది. ఎవరూ ఆమె పక్కన నిలబడలేదు. విస్తళ్లలో అన్నం, మాంసం కూర వడ్డించాం. నా చేతిలో గరిటె ఉంది.

"ఇప్పుడు సలోమక్క ప్రార్థన చేస్తది" అన్నది సుహాసినమ్మ. సలోమి లేచి కొంగు నెత్తి మీదికి లాక్కున్నది.

"అమ్మగారూ" అన్నాను. "గా దినం రెండోసారి సూది ఏసింది నేను. మా అత్త ఏసింది మొదటిది. సరిగ్గ నాలుగు గీతలు ఏసింది."

నా గొంతు అంత దూరం వినబడుతుందని అనుకోలేదు. మగవాళ్ల వరుసలో సొలొమోను తలెత్తాడు. అయ్యగారు దగ్గాడు. కాళ్లు కట్టిన కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది.

"ఇప్పుడా చెప్పేది" అన్నది అత్త, గిన్నెల దగ్గర నుంచి. "అన్నం సల్లారవట్టె."

సుహాసినమ్మ ముఖం ఎర్రబడింది. "అట్లయితే... అమృతమ్మా, నువ్వే రా మరి. నువ్వే చెయ్యి ప్రార్థన."

"సలోమి లేచింది గద. ఆమెనే కానియ్యి."

"నీ పేరే గద ముందు అనుకున్నది."

"వచ్చే ఏడు చూద్దం తియ్" అని అత్త గరిటె అందుకుని కూర గిన్నె మీద మూత పెట్టింది.

సలోమి కళ్లు మూసుకున్నది. అందరూ మూసుకున్నారు. ఒంటిగంట దాటింది, గ్రేసి అన్నం వేళ. నేను గ్రేసి పక్కన కూర్చుని, అందరి మధ్యలో, ప్రార్థన మొదటి మాటకే అన్నం ముద్ద దాని నోట్లో పెట్టాను. అది భయంగా నానమ్మ వైపు చూసింది. నేనూ చూశాను. ఆమె ఒక్కతే కళ్లు తెరిచి ఉంది. తినమన్నట్టు పిల్లకు గడ్డం ఆడించింది. నా వైపు చూసినప్పుడు మాత్రం ముఖంలో కోపం దాచుకోలేదు.

గిన్నెలు తోమి ఇంటికి తిరిగొస్తుంటే దారి పొడుగునా ఆ కోపం వినిపించింది. గ్రేసి సొలొమోను భుజం మీద, మాకు బాగా ముందు. అతను రెండు మూడుసార్లు వెనక్కి తిరిగి తల్లి కోసం ఆగబోయాడు. ఆమె చెయ్యి విసిరి నడవమన్నది.

"నిన్నెవరు చెప్పమన్నరు?"

"చెప్పకుంటే నాకు అన్నం దిగుతలేదు."

"నీకు అన్నం దిగనీకి నన్ను ఆగం జేసినవ్. మూడు వారాలు మోసిన. ఇంకో వారమైతే ఊరోళ్లే మర్సిపోదురు. గిప్పుడు క్రిస్మస్ దాక నీ ముచ్చటనే."

"మరెందుకు మోసినవ్? నేను మొయ్యమన్ననా?"

ఆమె ఆగింది. కాలి కింద రాయి ఉంటే పక్కకు తన్నింది.

"నిన్నంటే నువ్వు పోరిని సంకనేసుకుని మీ అమ్మగారింటికి పోతవు. నన్నంటే నేనేడికి పోత?"

నాకు ఏడుపు రాలేదు. ఇన్నాళ్ల చిరాకును ఎక్కడ పెట్టాలో తెలియలేదు. దండం పెడదామంటే ఆమె కొట్టేలా ఉంది. నాకు చెప్పడానికి వచ్చిన మాట ఇదొక్కటే.

"రేపటి సంది కిష్టవ్వ చేన్ల రెండో ఏరుడు. పొద్దుగాల ఏడు కాకముందే పోవాలె. గ్రేసి ఇంట్లనే ఉంటది. సూది నువ్వెయ్యి."

ఆమె నాలుగడుగులు నడిచింది.

"ఎనిమిది గీతలు గద?"

"ఎనిమిది."

"ఏసినంక కబురంపుత. నువ్వొచ్చి మల్ల ఎయ్యకు."